ఉద్దానానికి తిరిగి వెళ్ళిన పనస

పనసచెట్టును గుర్తుపట్టలేని తెలుగువాడు వుంటాడా అని మీరు నవ్వవచ్చు. నేనూ ఒకప్పుడు అలాగే నవ్వినవాణ్ణే. మొదలునుంచి కొమ్మలదాకా మద్దెలల్లే కాయలు వేలాడుతూ వుంటే కళ్ళున్న వాడెవడైనా గుర్తుపడతాడు. కాని కాయ లేనప్పుడు, చెట్టింకా మూరెడు మొక్కగా వున్నప్పుడు గుర్తుపట్టండి చూద్దాం! 2019 జూలైలో, పాత రంగుడబ్బాలో వున్న ఒక మొక్కను కాళ్ళమధ్య పెట్టుకుని విశాఖపట్నంనుంచి సోంపేటకు రైల్లో వెళ్ళినప్పుడు నా గర్వం కాస్తా అణిగింది.

"ఏం మొక్కండీ అది?" అని ఎదురుగా కూచున్నాయన అడిగాడు.

"పనస" అన్నాను.

ఆయన ఆకు పట్టుకు చూసి, "పనసాకు ఇలా వుండదే!" అన్నాడు. నిజమే. పనసాకు నున్నగా, అంచున ఎక్కడా గండి లేకుండా, కోడిగుడ్డు ఆకారంలో వుంటుందని మనకందరికీ తెలుసు. మా డబ్బాలో మొక్క ఆకులు కొన్ని అలాగే వున్నా, కొన్ని ఒక పక్క చీలి, కొన్ని రెండు పక్కలా చీలి, మూడు వేళ్ళ చెయ్యిలా వున్నాయి. ఒకావిడ అత్తిమొక్క అంది. ఒక కుర్రవాడు ఏదో విదేశపు పూలమొక్క అన్నాడు. పలాసలో ఎక్కిన జీడిపప్పు వ్యాపారి ఒకాయన మాత్రం తీర్పు చెప్పేశాడు: "ఇది సీమపనసండీ. ఎవరో మిమ్మల్ని మోసం చేశారు."

నాకు గుండె గుభేలుమంది. ఎందుకంటే ఆ డబ్బాలో వున్నది ఉత్త మొక్క కాదు. మా అత్తగారి పెరట్లో కూలిపోయిన చెట్టుకు మిగిలిన ఒక్కగానొక్క బిడ్డ అది. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఉద్దానం సంగతి చెప్పాలి.

విశాఖనుంచి ఉత్తరంగా పోయే రైలు నాగావళి, వంశధార దాటి, నౌపడ ఉప్పుమళ్ళ పక్కగా సాగి పలాస చేరుతుంది. అక్కణ్ణుంచి దృశ్యం మారిపోతుంది. ఎడమవైపున దూరంగా మహేంద్రగిరి నీలంగా కనిపిస్తూ వుంటుంది. కుడివైపున సముద్రం కనబడదుగాని, దానిమీదనుంచి వచ్చే గాలి తెలుస్తూనే వుంటుంది. మధ్యలో వున్నదంతా తోట. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం, ఈ చుట్టుపట్ల ప్రాంతాన్నే ఉద్దానం అంటారు. ఉద్యానం అన్న మాటే జనం నోట్లో నలిగి ఉద్దానం అయిందని పెద్దలు చెబుతారు. చూసినవాళ్ళెవరూ ఆ మాట కాదనరు. పైన కొబ్బరి మట్టలు, వాటి కింద జీడిమామిడి, మామిడి, గట్లమీదా పెరళ్ళలోనూ పనస, ఇంకా కిందికి వస్తే అరటి, ములగ. ఎండ నేలను తాకాలంటే నాలుగైదు అంతస్తులు దిగి రావాలి.

గోదావరి జిల్లాలవాళ్ళకు పనస అంటే ముందు గుర్తుకొచ్చేది ఆవపెట్టిన పనసపొట్టు కూర. ఉద్దానం వాళ్ళకు పనస అంటే కూర, పండు, పిక్కల పులుసు, ఇంటి ద్వారబంధం, పశువుల మేత, వేసవి ఖర్చులకు చేతిలో నాలుగు డబ్బులు, అన్నీను. ఎండలు ముదరకముందే పచ్చికాయలు కోసి లారీలకెత్తి ఒడిశావైపు పంపుతారు. అక్కడివాళ్ళు పచ్చి పనసను మాంసం వండినంత శ్రద్ధగా వండుకుంటారు.

మా అత్తవారి ఊరు సముద్రానికి మూడు మైళ్ళలో వుంది. పెరట్లో పనసచెట్టును మా మామగారు 1968లో, మా ఆవిడ పుట్టిన ఏడు, పిక్క పెట్టి పెంచారు. నేను పెళ్ళికొడుకుగా వెళ్ళేనాటికే ఇద్దరు చేతులు చాచి పట్టుకున్నా అందనంత మొదలు. ఆ చెట్టు కాయలు ఒక్కొక్కటి పదిహేను ఇరవై కిలోలు తూగేవి. పనసలో గట్టి తొనది, మెత్త తొనది అని రెండు రకాలున్నాయి గదా. కేరళవాళ్ళు గట్టిదాన్ని వరిక్క అనీ, మెత్తదాన్ని కూళ అనీ అంటారు. గట్టి తొనను పంటితో కొరికితే కరకరలాడుతుంది. మెత్త తొన నోట్లో వేసుకుంటే గొంతులోకి జారిపోతుంది. మా అత్తవారి చెట్టు గట్టి తొనది. తేనెలో నానబెట్టిన కొబ్బరిముక్కలా వుండేది.

కాయ కోసిన రోజు ఇంట్లో పండుగే. మామగారు కత్తికీ చేతులకూ కొబ్బరినూనె రాసుకుని, గోనెపట్టా పరుచుకుని కూచునేవారు. జిగురు మరకకాకుండా అందరం పాతబట్టలు కట్టుకుని చుట్టూ చేరేవాళ్ళం. ఆయన తొనలు వలిచి పిల్లలకూ, అల్లుళ్ళకూ, ఇరుగుపొరుగుకూ పంచి, తాను మాత్రం రెండు తొనలు తిని చెయ్యి కడుక్కునేవారు. అందరికీ పెట్టి తాను రెండింటితో సరిపెట్టుకునే మహానుభావుడని మేమంతా అనుకునేవాళ్ళం. ఆయన 2015లో పోయారు. చెట్టు మాత్రం కాస్తూనే వుంది.

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక. గంటకు నూట నలభై, నూట యాభై కిలోమీటర్ల గాలికి ఎవరు పెట్టారో ఆ పేరు! నాలుగైదు రోజులకు దారులు తెరుచుకున్నాక మేము వెళ్ళాం. రైలు దిగి ఊళ్ళోకి వెళుతూ వుంటే దారి గుర్తుపట్టలేకపోయాను. నీడ వుండవలసినచోట ఎండ వుంది. కొబ్బరిచెట్లు కొన్ని నడుముకు విరిగి, కొన్ని తలలు మెలిపెట్టినట్లు తిరిగి వున్నాయి. జీడితోటలు వేళ్ళతో సహా పడుకున్నాయి. కొబ్బరిమొక్క కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో ఏం తినాలన్నది ఒక్కొక్క ఇంటి ప్రశ్న.

మా అత్తగారు అరుగుమీద కూచుని వుంది. పెరట్లో పనస తూర్పుకు తలపెట్టి పడి వుంది. వేళ్ళు లేచినచోట మనిషి దిగేటంత గొయ్యి, అందులో నీళ్ళు.

"ఇల్లు నిలిచింది బాబూ, అదే చాలు" అందావిడ. తరవాత కాసేపటికి, "ఆయన పెట్టిన చెట్టు" అంది. అంతకుమించి ఏమీ అనలేదు.

మొదలును కోయించి మా బావమరిది పలకలు తీయించాడు. పనసకలప కోసినప్పుడు పసుపుముద్దలా వుండి, ఏళ్ళు గడిచినకొద్దీ ఎర్రబడి గోధుమరంగుకు తిరుగుతుంది. బొబ్బిలి వీణలు చెక్కేది ఈ కలపతోనే. మా చెట్టు వీణ కాలేదుగాని రెండు తలుపులు, నాలుగు పీటలు అయింది. "మళ్ళీ ఆ పనసే వుంటే బాగుండును" అని అత్తగారు ఒకటికి రెండుసార్లు అనడం విన్నాను.

ఆ సంక్రాంతికి రాజమండ్రిలో బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు కడియం నర్సరీలకు పోయాను. మైళ్ళకొద్దీ మొక్కలే. ఒక పెద్దాయన దగ్గర అంటుపనసలు వరసగా పెట్టి వున్నాయి. నా గోడు వినిపించాను.

"కొమ్మ తెచ్చారా?" అన్నాడాయన.

"చెట్టు పడిపోయి మూడు నెలలయిందండీ."

"అయ్యో! పడిన వారంలోపల పచ్చికొమ్మ తడిగుడ్డ చుట్టి తెస్తే ప్రయత్నం చేసేవాళ్ళం గదండీ. పిక్కతో వచ్చేది ఆ చెట్టు బిడ్డ. అంటుతో వచ్చేది ఆ చెట్టే."

పనస సంగతంతా ఆ రెండు ముక్కల్లోనే వుంది. పనసకు పక్కచెట్ల పుప్పొడి కూడా అందుతుంది. అందుచేత పిక్కనుంచి వచ్చిన మొక్కకు తల్లి ఎవరో తెలుస్తుందిగాని తండ్రి ఎవరో తెలియదు. తియ్యటి గట్టితొన పండు పిక్క పెడితే తియ్యటి గట్టితొనే వస్తుందన్న నమ్మకం లేదు. మొక్కను చూసి ఆ సంగతి చెప్పగల మొనగాడూ లేడు. పండిందాకా ఆగవలసిందే. పిక్కమొక్క కాపుకు రావడానికి అయిదునుంచి ఎనిమిదేళ్ళు పడుతుంది. అంటుమొక్క మూడు నాలుగేళ్ళకే కాస్తుంది, పైగా ఏం కాస్తుందో ముందే తెలుస్తుంది.

పోనీ ఆ చెట్టు పిక్కలైనా దాచి వుంటారా అంటే, పనసపిక్క ధాన్యం కాదు. దాస్తే నిలవదు. తడి ఆరిందా, ప్రాణం పోయిందన్నమాటే. చల్లనిచోట తడిగా వుంచినా నెల గడవడం కష్టం. వేసవిలో తిన్న పండు పిక్కలు అక్టోబరుకు ఎక్కడ వుంటాయి?

ఇంటికి వచ్చి ఈ సంగతే చెబుతూ వుంటే మా ఆవిడ ఉన్నట్టుండి లేచి డాబామీదికి పరుగెత్తింది. 2018 జూన్‌లో మా బావమరిది పండు తెచ్చినప్పుడు, పిక్కలు పులుసులో వేయగా మిగిలిన నాలుగింటిని, కడిగి, పాత రంగుడబ్బాలో మట్టి పోసి గుచ్చిందట. రెండు మొలిచాయి. ఒకటి ఎండకు పోయింది. రెండోది కరివేపాకు కుండీ వెనక, ఎవరి లక్ష్యమూ లేకుండా, జానెడు ఎత్తున నిలబడి వుంది! ఆనాటినుంచి ఆ డబ్బాకు మా ఇంట్లో జరిగిన మర్యాద నాకు ఎన్నడూ జరగలేదు.

అదీ ఆ మొక్క చరిత్ర. ఇప్పుడు చెప్పండి, రైల్లో ఆ వ్యాపారి సీమపనస అంటే నాకు గుండె గుభేలుమనదా? డబ్బాలో ఎవరైనా వేరే మొక్క గుచ్చారేమో, పిల్లలు మార్చారేమో అని దారిపొడుగునా ఒకటే దిగులు.

సోంపేట స్టేషను అన్నది పేరుకేగాని అది వుండేది కంచిలిలో. అక్కడ దిగి ఊరు చేరగానే డబ్బా అత్తగారి ముందు పెట్టాను. నా అనుమానం కూడా దాచలేదు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొక్కను కిందినుంచి పైదాకా చూసింది. చీలిన ఆకు ఒకటి తుంచింది. తెల్లటి పాలు బొట్టుకట్టాయి.

"సీమపనసకూ పాలు కారతాయి కదండీ" అన్నాను, రైల్లో సంపాదించిన జ్ఞానంతో.

"కారతాయి. కాని దాని ఆకు చేటంత వుంటుంది. ముసలిదయినా చీలికలు పోవు. పనసకు చిన్నతనంలోనే ఈ వేషాలు. కొందరు పిల్లలు ఆరేళ్ళదాకా నత్తిగా మాట్లాడరూ, అలాగన్నమాట. నాలుగేళ్ళు పోతే అన్నీ నున్నటి ఆకులే వేస్తుంది" అందావిడ.

తరవాత పుస్తకాలు తిరగేస్తే ఆవిడ మాట అక్షరాలా నిజమని తేలింది. పనసకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఆర్టోకార్పస్ హెటెరోఫిల్లస్. హెటెరోఫిల్లస్ అంటే వేరువేరు ఆకులు కలది అని అర్థం. 1789లో లామార్క్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ పేరు పెట్టాడు. చిత్రమేమంటే, సరిగ్గా ఆ ఏడే సీమపనస మొక్కలు వేసుకుని తాహితీ దీవినుంచి బయలుదేరిన బౌంటీ అనే ఇంగ్లీషు ఓడలో నావికులు తిరగబడి, కెప్టెన్ బ్లైను పడవలోకి దింపేశారు. మొక్కలు సముద్రం పాలయ్యాయి. రెండూ ఒకే కుటుంబానివేగాని తేడాలు చాలా వున్నాయి. సీమపనస కాయలు కొమ్మల చివర కాస్తాయి, పనస మొదలుకూ పెద్ద కొమ్మలకూ కాస్తుంది. సీమపనసలో పిక్కలేని రకాలను వేరు పిలకలనుంచి పెంచుతారు. మా మొక్క పిక్కనుంచే మొలిచిందిగదా! ఈ సంగతి రైల్లోనే తట్టి వుంటే అంత దిగులు పడేవాణ్ణి కాను.

ఇక నాటడం. పాతచెట్టు వున్నచోటే పెట్టాలని అత్తగారి కోరిక. మా బావమరిది ఒప్పుకోలేదు. వేళ్ళు లేచినచోట ఎంత పూడ్చినా పల్లంగానే వుంది, వానాకాలం నీళ్ళు నిలుస్తాయి. పనసకు కావలసినంత తడి కావాలిగాని కాళ్ళకింద నీళ్ళు నిలిస్తే రెండు మూడు రోజులు కూడా ఓర్చుకోలేదు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. చివరికి, "బతికేచోటే పెట్టండి" అంది. పది బారల దూరంలో, మెరకమీద, ఇంటికి ముప్ఫై అడుగుల ఎడంగా, గజం లోతు గొయ్యి తీసి, తవ్విన మట్టిలో మాగిన పశువులెరువు కలిపారు.

డబ్బాను కత్తెరతో నిలువునా కోస్తే మా తప్పు బయటపడింది. తల్లివేరు అడుగుకు తగిలి పాములా చుట్ట చుట్టుకుని వుంది. పనస తల్లివేరు తిన్నగా పాతాళానికి పోవాలని చూస్తుంది. కుండీలో ఏడాదిపాటు వుంచకూడదు. పిక్కను నేలలోనే పెట్టాలి, లేదా మొలిచిన కొద్దినెలల్లో మట్టిగడ్డ చెదరకుండా నాటాలి. వేరును వీలైనంత సాపుచేసి పెట్టాం. మేకలు రాకుండా కంచె, ఎండకు కొబ్బరిమట్టల పందిరి వేశాం. మేకకు పనసాకును మించిన పలహారం లేదు.

తప్పుకు శిక్ష వుండనే వుంది. మొదటి ఏడాది మొక్క జానెడు కూడా ఎదగలేదు. చచ్చిందా బతికిందా అని నేను ఫోను చేయడం, "వుంది బావా" అని మా బావమరిది చెప్పడం. రెండో ఏటినుంచి అందుకుంది. అత్తగారు చెప్పినట్లే చీలిన ఆకులు రాలిపోయి నున్నటి ఆకులు వచ్చాయి.

2024 ఫిబ్రవరిలో ఫోను వచ్చింది: "బావా, పిందెలు వేసింది!" ఇంట్లో అందరికీ మిఠాయి పంచాను. రెండువారాలకు మళ్ళీ ఫోను: "పిందెలన్నీ నల్లబడి రాలిపోతున్నాయి." తుఫాను వచ్చినంత పని అయింది మాకు. ఆ ఫోనులోనే వెనకనుంచి అత్తగారి నవ్వు వినిపించింది. అవి పిందెలు కావట, పోతుపూత అట. పనసకు మగ, ఆడ పూతలు ఒకే చెట్టుకు వేరువేరుగా వస్తాయి. మగది సన్నటి కాడతో, బొటనవేలంత, నున్నగా వుండి, పుప్పొడి రాల్చేసి, నల్లబడి బూజుపట్టి రాలిపోతుంది. దాని పని అంతే. ఆడది లావుపాటి కాడతో, కాడ మొదట ఒక ఉంగరంతో, గరుగ్గా వుంటుంది. అదే కాయ అవుతుంది. లేతచెట్టు తొలి ఏడు ఉత్త మగపూతే పూయడం కద్దు. ఎంతమంది ఇది తెలియక చెట్టుకు తెగులని మందులు కొట్టారో!

2025లో రెండు కాయలు నిలిచాయి. లేతచెట్టుకు బరువని ఒకటి పచ్చిగానే కోసి కూర వండారు. రెండోదాని కోసం జూన్‌లో మేమంతా వెళ్ళాం. అత్తగారు కొడవలి పిడితో కాయను తట్టింది. పచ్చికాయ టంగుమంటుంది. ఇది బొదబొదమంది. ముళ్ళు ఎడం ఎడంగా సాగి వున్నాయి, వాసన వీధిదాకా వస్తోంది. ఏడుకిలోల కాయ. మామగారి కత్తికి కొబ్బరినూనె రాసి మా బావమరిది పాతచెట్టు పీటమీద కూచున్నాడు.

మొదటి తొన అత్తగారికి, రెండోది మా ఆవిడకు. మా ఆవిడ నోట్లో వేసుకుని కొరకబోయింది. కొరకడానికేమీ లేదు, జారిపోయింది. ఆవిడ ముఖం చూసి నాకు సంగతి తెలిసిపోయింది. మెత్త తొన! ఏడేళ్ళు ఎదురుచూసిన పండు మా పండు కాదు. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అత్తగారు ఏమంటుందోనని అందరికీ భయం.

ఆవిడ ఒక తొన తింది. రెండోది తింది. మూడోదానికి చెయ్యి చాచింది.

"మీ మామగారికి ఇదే ఇష్టం బాబూ" అంది.

మేము తెల్లబోయాం.

"ఆ ఏడు మందస సంతలో మెత్త తొన పండు తిని, ఆ పిక్కే తెచ్చి పెట్టారు. ఏడేళ్ళకు గట్టిది కాసింది. 'దౌడలు నొప్పి, ఇది పనసా, పీటచెక్కా' అని బతికినంతకాలం నా దగ్గర సణిగేవారు. పిల్లలు ఇష్టంగా తింటున్నారని మీకెవరికీ చెప్పలేదు."

రెండు తొనలతో చెయ్యి కడుక్కునే మహానుభావుడి రహస్యం అదన్నమాట! మా ఆవిడ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. తరవాత లేచి, పిక్కలు కడిగి, ఖాళీ డబ్బా ఏదైనా వుందేమోనని వంటింట్లో వెతకడం మొదలుపెట్టింది.

"డబ్బా వద్దే, నేలలో పెట్టు" అని అత్తగారు అరుగుమీదనుంచి కేకవేసింది. "ఇవాళే పెట్టు. ఆరిపోతాయి."